దోవ్గాలో పెరుగు విరిగిపోతుంటే

పెరుగు, బియ్యం, ఆకుకూరలతో కాచే అజర్‌బైజాన్ సూప్ దోవ్గా విరిగిపోయిందని, పెరుగు పులుపే కారణమా అని అడిగారు. మీరు చెప్పిన తీరు చూస్తే, పులుపు కారణం కాదు. ఉప్పు ముందే వేశారు, పైగా మధ్యలో కలపడం ఆపేశారు.

1. లీటరు పెరుగులో ఒక గుడ్డు, రెండు చెంచాల మైదా వేసి ఉండలు లేకుండా గిలక్కొట్టాకే నీళ్లు, గుప్పెడు బియ్యం కలిపి పొయ్యి ఎక్కించండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. తొలి పొంగు వచ్చేదాకా సన్నని సెగ మీద అడుగు గీకుతూ తిప్పుతూనే ఉండాలి. ఫోను మోగినా సరే! కాసేపు వదిలితే అడుగున తెల్లటి తరకలు కడతాయి. అజర్‌బైజాన్‌లో ఒకే వైపు తిప్పమంటారు; వైపు ఏదైనా గరిటె ఆగకపోవడమే ముఖ్యం.

3. బియ్యం మెత్తబడ్డాక కొత్తిమీర, సోయకూర, పుదీనా దండిగా తరిగి వేసి, ఒక్క పొంగు రాగానే దించండి.

4. మూత పెట్టకుండా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు వడ్డించేటప్పుడే.