కరెంటు పోయిన సేపు లెక్కకు రావద్దు

బిడ్డా,

నువ్వు పంపిన ప్రోగ్రామ్ రాత్రి కూసొని మొత్తం చదివిన. మీ నాయిన బత్తాయి తోటకు డ్రిప్ టైమర్ చెయ్యాలని నీకు తోచినందుకు నాకు శాన సంబురమైంది. మన నల్లగొండ దిక్కు ఎండాకాలంల తోట నిలవాల్నంటె బోరు నీళ్లను లెక్కతోనే వాడాలె గదా. వాల్వు 40 నిమిషాలు తెరిచి ఉండాలె, నడుమ కరెంటు పోతె టైమర్ ఆగాలె, వచ్చినంక మిగిలిన సేపే నడువాలె. నీ తప్పు సరిగ్గ ఆ ఆగే దగ్గర్నే ఉన్నది.

డిలే, అంటె కొంతసేపు ఏం చెయ్యకుంట ఆగమనే ఆజ్ఞ, పెట్టి సెకనుకు ఒకటి తగ్గించుకుంట పోయినవ్. డిలే నడుస్తున్నంతసేపు నీ లూపు, అంటె మళ్ల మళ్ల తిరిగే ప్రోగ్రామ్ భాగం, అక్కడ్నే నిలబడ్తది, బటన్ నొక్కినా చూడది. స్క్రీన్ మీద రాసెటందుకు, వాల్వు చూసెటందుకు పట్టే సమయం లెక్కకే రాదు. అందుకే సెకన్లు ఎంచకు, గడియారం చూసి తీసివేత చెయ్యి. కూలోళ్ల లెక్క రాసే మేస్త్రి చేసేది ఇదే. పనికి దిగిన టైము రాసుకుంటడు, సద్దికి ఆగినప్పుడు అప్పటిదాక అయింది జమకడ్తడు, మళ్ల దిగినప్పుడు కొత్త టైము రాసుకుంటడు.

నీ క్లాసుకు, అంటె టైమర్ అంకెలను, పనులను ఒక్కదగ్గర పెట్టిన ప్రోగ్రామ్ ముక్కకు గూడ జమ, మొదలు అని రెండు అంకెలు, నడుస్తున్నదా లేదా అనే ఒక గుర్తు చాలు. పాజ్ అంటె ఇప్పటి టైముల నుంచి మొదలు తీసేసి జమల కలుపుడు. రెజ్యూమ్ అంటె మొదలుకు ఇప్పటి టైము పెట్టుడు. 12 నిమిషాలు నడిచి 25 నిమిషాలు ఆగితె జమ 12 మీదనే ఉంటది, మిగిలింది 28. ఆగి ఉన్నదాన్ని మళ్ల పాజ్ చేస్తె ఏం కావద్దు, లేకుంటె అదే సమయం రెండోసారి జమ అయితది. నడుస్తున్నదాన్ని రెజ్యూమ్ చేస్తె మొదలు మారిపోయి, అప్పటిదాక నడిచిన సేపు పోతది. రెండిటికీ ముందు గుర్తు చూసుకో.

బోర్డు ఆన్ అయినంక ఎన్ని మిల్లీసెకన్లు గడిచినయో మిల్లిస్ చెప్తది. అది ఇచ్చే అంకెను చిన్న అంకెలే పట్టే ఇంట్‌ల దాచినవ్. ఊనో అనే ఈ చిన్న కంప్యూటర్ బోర్డుల ఇంట్‌కు 32,767 దాక్నే జాగ, అంటె 33 సెకన్లు గూడ పట్టదు. అన్‌సైన్డ్ లాంగ్ అనే పెద్ద అంకెలు పట్టే రకం పెట్టు. అది గూడ 49 రోజుల 17 గంటలకు నిండి సున్నకు తిరుగుతది. నా మొదటి ఉద్యోగంల, ఇప్పటి టైము ముగింపు టైమును దాటిందా అని పోల్చి రాసిన. ఏడు వారాలకోసారి మిషన్ తప్పు టైముకు ఆగేది, కారణం దొరకక ఎన్నో రాత్రులు నిద్రలేదు. ఇప్పటి టైముల నుంచి మొదలు తీసేసి, వచ్చిన తేడానే గడువుతోటి పోల్చు. అట్ల రాస్తె అంకె సున్నకు తిరిగినా తేడా సరిగ్గనే వస్తది. నమ్మకం లేకుంటె మొదలు 4294967290, ఇప్పుడు 10 అని ఇచ్చి చూడు, 16 రావాలె. ఇట్ల పరీక్ష చెయ్యాల్నంటె క్లాసు లోపల మిల్లిస్‌ను పిలువద్దు, టైము బయటి నుంచి ఇయ్యాలె.

ఇగ అసలు సంగతి. మోటారుకు కరెంటు పోతె నీ బోర్డుకు గూడ పోతది. అప్పుడు పాజ్‌ను పిలిచేటోళ్లు ఎవరు? తిరిగి వచ్చేసరికి మిల్లిస్ సున్న, జమ సున్న, చెట్లకు మళ్ల 40 నిమిషాల నీళ్లు. అందుకే నడిచేటప్పుడే జమను, కరెంటు పోయినా రాసింది చెరగని ఈఈప్రామ్‌ల రాసుకుంట పోవాలె. సెకనుకోసారి మాత్రం రాయకు. ఆ చిప్పుల ఒక్కో గడికి లక్షసార్లు రాసేదాకనే భరోసా. రోజుకు 2 గంటలు నడిస్తె 14 రోజులకే ఆ లక్ష అయిపోతది. 5 నిమిషాలకోసారి రాస్తె 11 ఏండ్లు దాటుతది. కరెంటు పోయినప్పుడు మహా అంటె 5 నిమిషాల నీళ్లు ఎక్కువ పోతయి, బత్తాయికి అంతమాత్రానికి ఏం కాదు. రాస్తుండంగ కరెంటు పోతె ఆ అంకె చెడొచ్చు. అందుకని రెండు జాగల్ల మార్చి మార్చి రాయి, పక్కన అంకె చెడిందో లేదో చెప్పే చెక్‌సమ్ పెట్టు.

కరెంటు రాంగనే మోటారు ఎక్కియ్యకు. ఊళ్లె మోటార్లన్నీ ఒక్కసారే ఎక్కితె ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు పడ్తదో మీ నాయినను అడుగు. కొన్ని నిమిషాలు ఆగే ఆ పనికి ఇదే క్లాసుతోటి ఇంకో టైమర్ చేసుకో, కొత్తగ ఏం రాయక్కర్లేదు. మూడు వాల్వులున్నా అంతే, మూడు టైమర్లు, ఎవరి జమ వాళ్లది.

స్టార్టర్ డబ్బాకు ఇప్పుడే తీగ కలుపకు. త్రీఫేజ్ అది, మీ నాయిన, కరెంటు పని తెలిసినోళ్లు దగ్గరుంటెనే దాని జోలికి పో. ముందు రిలేకు, అంటె బోర్డు చెప్తె కలిపి తెంపే స్విచ్చుకు, చిన్న బ్యాటరీ బల్బు కట్టి రెండు రోజులు ఇంట్ల నడిపించు. ఇష్టమొచ్చినప్పుడు బోర్డు ప్లగ్గు పీకు, పెట్టు, బల్బు ఎంతసేపు వెలిగిందో గోడ గడియారం చూసి కాగితం మీద రాయి. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ