పైలట్ చూపు మీద పరిశోధన: ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. పనిభారం పెరిగినప్పుడు పైలట్ల చూపు ఎలా మారుతుందో పరిశోధిస్తానంటోంది. దాన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా అని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇది నిన్నమొన్న పుట్టిన రంగం కాదండీ. 1940ల చివర్లోనే అమెరికాలో సైకాలజిస్టు పాల్ ఫిట్స్ బృందం ల్యాండింగ్‌కు వస్తున్న పైలట్ల కళ్ళను కెమెరాతో చిత్రీకరించింది. కాక్‌పిట్‌లో పదేపదే చూసే మీటర్ ముఖ్యమైనదని, ఎక్కువసేపు చూడాల్సి వచ్చేది చదవడానికి కష్టమైనదని వాళ్ళు తేల్చారు. మీటర్లను ఎలా అమర్చాలో నిర్ణయించడానికి ఆ పని పనికొచ్చింది.

చూపు ఒక్కచోట చిక్కుకుంటే ఏమవుతుందో 1972 డిసెంబర్ 29 రాత్రి తెలిసింది. మయామి దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో, ముందు చక్రం దిగిందని చెప్పే చిన్న లైటు వెలగలేదు. సిబ్బంది దృష్టంతా దాని మీదే. ఈలోగా విమానం కొద్దికొద్దిగా కిందికి దిగుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. వందకు పైగా ప్రాణాలు పోయాయి. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని విలువ అక్కడుంది.

పని మాత్రం తేలిక కాదు. పనిభారం పెరిగితే కనుపాప పెద్దదవుతుంది. కానీ మబ్బులోంచి ఎండలోకి వచ్చినా దాని సైజు మారుతుంది. ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయాలి. పైగా కళ్ళు మీటర్ మీద ఉన్నంత మాత్రాన మనసు అక్కడ ఉందనుకోలేం. అందుకే స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ కూడా. ఈ రెండిటి మీదా ఆసక్తి లేకపోతే ఈ దారి వద్దనే చెబుతాను. పైలట్ లైసెన్స్ మాత్రం తప్పనిసరి కాదు.

ఇక ఉద్యోగాలు. పైలట్ల చూపు ఒక్కటే చూసే పోస్టులు తక్కువ. కాబట్టి పీజీ హ్యూమన్ ఫ్యాక్టర్స్‌లోనో ఎర్గోనామిక్స్‌లోనో (యంత్రాలను, పనిని మనిషికి తగ్గట్టు రూపొందించే శాస్త్రం) చేయమనండి, చూపును థీసిస్ అంశంగా పెట్టుకోమనండి. అప్పుడు విమానాల తయారీ, పైలట్ శిక్షణ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో పాటు కార్ల డిజైన్, వైద్య పరికరాల కంపెనీలకూ దరఖాస్తు చేసుకోవచ్చు.

అడ్మిషన్ ఖాయం చేసుకునే ముందు అక్కడి ల్యాబ్‌లో ఐ ట్రాకర్ (చూపు ఎటు వెళ్తోందో నమోదు చేసే పరికరం), సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపినట్టుండే యంత్రం) రెండూ ఉన్నాయా, విద్యార్థులకు వాటి మీద పనిచేసే టైమ్ ఇస్తారా అని అక్కడి సీనియర్లనే అడగమనండి.