వెయిటర్ తురుముతుంటే "చాలు" అనాల్సింది మనమే

తమ్ముడూ, పెళ్లిరోజుకి మీ ఆవిడని పెద్ద ఇటాలియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తున్నావు. ఆవిడ మాంసం ముట్టదు, మెనూలో సగం పేర్లకి మీ ఇద్దరికీ నోరు తిరగడం లేదు, టిప్పు ఎంతివ్వాలో తెలీదు. అదీ నీ టెన్షన్. అమెరికా వచ్చిన కొత్తలో మేమూ ఇలాగే వెళ్లి దెబ్బతిన్నాం, కాబట్టి ముందు మా సంగతి విను.

అది నవంబర్. వెయిటర్ వచ్చి ఆ రోజు స్పెషల్స్ గడగడా అప్పజెప్పాడు. అవి మెనూలో ఉండవు, ధరలు అతను చెప్పలేదు. వైట్ ట్రఫుల్ (నేల లోపల పెరిగే, బాగా ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) అన్న మాట వినగానే మా ఆయన తలూపేశారు. వెన్నలో కలిపిన సన్నటి పాస్తా వచ్చింది. వెనకాలే వెయిటర్ ఒక చేత్తో మట్టిరంగు దుంపలాంటిది, ఇంకో చేత్తో బ్లేడు బిగించిన చిన్న పలక పట్టుకొచ్చి పాస్తా మీద తురమడం మొదలెట్టాడు. కాగితం కంటే పల్చటి రేకులు రాలుతున్నాయి. అతను మా ఆయన మొహంలోకి చూస్తున్నాడు, ఈయన మర్యాదగా నవ్వుతున్నారు. అతను ఇంకాస్త తురిమాడు, ఈయన ఇంకాస్త నవ్వారు. ఆపమని మనమే చెప్పాలని, దానికి గ్రాముల లెక్కన బిల్లు వేస్తారని మాకేం తెలుసు? ఆ నెలంతా మళ్లీ బయట తినలేదు. వాసన మాత్రం అమోఘం, అబద్ధం చెప్పకూడదు.

అందుకని, స్పెషల్ చెప్పగానే "ఎంత?" అని అడిగెయ్. మెనూలో అంకె బదులు 'మార్కెట్ ప్రైస్' అని రాసి ఉన్నా అంతే. వాళ్లు రోజూ వినే ప్రశ్నే అది, మనకే మొహమాటం. చీజో మిరియాలో తురమడానికి వస్తే మాత్రం కంగారు పడకు, వాటికి విడిగా బిల్లు ఉండదు. నీళ్లు "స్టిల్లా (మామూలువా), స్పార్క్లింగా (గ్యాసువా)?" అని అడిగితే రెండూ మామూలుగా సీసా నీళ్లే, డబ్బులు పడతాయి. 'టాప్ వాటర్' (కుళాయి నీళ్లు) అంటే చాలు.

మెనూ కనిపించినంత కష్టమేం కాదు. యాంటీపాస్తీ అంటే ముందు కొరుక్కునేవి, ప్రీమీ అంటే పాస్తా, రిసోట్టో (బియ్యంతో చేసేది) లాంటివి, సెకోందీ అంటే మాంసం, చేపలు. సెకోందీ ప్లేటులో చాలాసార్లు ఆ ముక్క ఒక్కటే వస్తుంది, పక్కన కూర కావాలంటే కొంతోర్నీలోంచి విడిగా చెప్పుకోవాలి. దోల్చీ అంటే స్వీట్లు. అన్ని వరసల్లోంచీ తెప్పించుకోవాలన్న రూలేం లేదు. ఇద్దరూ ఒక యాంటీపాస్తీ పంచుకుని, చెరో పాస్తా తిన్నా ఎవరూ చిన్నచూపు చూడరు.

అసలు జాగ్రత్త మీ ఆవిడ తిండి విషయంలో. పేరులో మాంసం లేనంత మాత్రాన వెజ్ అనుకోవద్దు. రిసోట్టోని చాలా వంటిళ్లలో చికెన్ స్టాకుతో, అంటే కోడిని ఉడికించిన నీళ్లతో ఉడికిస్తారు. పుట్టనెస్కా చూడ్డానికి టమాటా సాసే, అందులో ఆంచోవీ చేపలుంటాయి. గ్వాంచాలే, పాంచెట్టా, ప్రొషూటో మూడూ పంది మాంసమే, బ్రెసావొలా సాధారణంగా ఆవుది. ఇంకో చిక్కు, చాలామందికి తెలియనిది: అసలైన పార్మిజానో రెజానో చీజుకి పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ చీజుకున్న నిబంధనే అది. కొంతమంది వెజిటేరియన్లు ఇది పట్టించుకోరు, కొంతమందికి తెలిస్తే ముద్ద దిగదు. ఆవిడ ఏ రకమో నీకే తెలియాలి, అక్కడికెళ్లాక కాదు, ఇంట్లోనే అడిగి తెలుసుకో. గుడ్డు కూడా తినకపోతే అప్పటికప్పుడు చేసే ఫ్రెష్ పాస్తా వద్దు, అందులో తరచుగా గుడ్డు కలుపుతారు. ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చితో చేసే ఆలియో ఎ ఓలియో దాంతో చేయించుకుని, పైన చీజు వద్దంటే సరిపోతుంది. కారం కావాలంటే అరాబియాటా. ఇవన్నీ టేబుల్ దగ్గర చెప్పడం కంటే రిజర్వేషన్ చేసేప్పుడే రాసి పెడితే షెఫ్‌కి వీలుంటుంది. ఆ రిజర్వేషన్‌కి కార్డు నంబర్ అడిగితే, ఎప్పటిలోగా రద్దు చేసుకోవచ్చో కూడా చదువు.

వైన్ సీసా చెప్తే గ్లాసులో ఒక గుక్క పోసి నిలబడతారు. అది నీకు నచ్చిందా అని కాదు, వైన్ పాడైందేమో చూడమని. వాసన చూసి, బాగుంటే తలూపు.

బిల్లు నల్ల ఫోల్డర్లో వస్తుంది. కార్డు అందులో పెడితే తీసుకెళ్లి, రెండు స్లిప్పులతో తిరిగి తెస్తారు. టిప్పు గీత మీద అంకె, కింద మొత్తం రాసి, సంతకం చేసి, వాళ్ల కాపీ అక్కడే వదిలి రావాలి. పన్ను కలపక ముందు మొత్తానికి 18 నుంచి 20 శాతం మామూలు. ఇచ్చే ముందు బిల్లులో 'గ్రాట్యుటీ' గానీ 'సర్వీస్ ఛార్జ్' గానీ ముందే వేశారేమో చూడు. మేం ఒకసారి చూసుకోకుండా రెండుసార్లు ఇచ్చుకున్నాం.

పెళ్లిరోజని కూడా రిజర్వేషన్‌లో రాయి. చాలాచోట్ల స్వీటు మీద కొవ్వొత్తి గుచ్చి తెస్తారు. అది ఏ స్వీటో మాత్రం ముందే అడుగు. పన్నాకోటాలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, తిరమిసులో గుడ్డు ఉంటాయి, పాపం ఆవిడ కొవ్వొత్తి ఆర్పి ప్లేటు నీ వైపు జరపాల్సి వస్తుంది.