కుకీలు అమ్మాల్సింది పాప, మీరు కాదు

అమ్మాయీ,

పాప అక్కడ అమెరికాలో గర్ల్ స్కౌట్స్‌లో, చిన్నపిల్లల విభాగమైన బ్రౌనీస్‌లో చేరిందని, జనవరిలో వాళ్ల కుకీల అమ్మకం మొదలని మెసేజ్ పెట్టావు, సంతోషం. మీ ఆయన అప్పుడే ఆఫీసులో అందరికీ చెప్పేశాడన్నావు చూడు, ఈ ఉత్తరం ఆ ముక్క గురించే. మా అమ్మాయిల ట్రూప్‌లో, అంటే స్కౌట్ జట్టులో, చాలా ఏళ్లు కుకీల లెక్కలు చూసినదాన్ని కాబట్టి చనువుగా చెబుతున్నా, ఏమీ అనుకోకు.

మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆర్డరు లింకు పడేస్తే ఒక్క సాయంత్రంలో బోలెడు బాక్సులు అమ్ముడుపోతాయి, కాదనను. అందులో పాప చేసిందేముంది? గర్ల్ స్కౌట్స్ వాళ్లు ఇది నడిపేదే పిల్లలు ఇన్ని అమ్మాలని ఒక లెక్క పెట్టుకోవడం, డబ్బు చూసుకోవడం, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడటం నేర్చుకోవాలని. 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఒక ట్రూప్ పిల్లలు ఇంట్లో చేసిన కుకీలను హైస్కూల్ కెఫెటీరియాలో అమ్మారు. తెలిసినంతలో మొదటి అమ్మకం అదే. ఇప్పుడు మనకి ఓవెన్ పని కూడా లేదు, లైసెన్సున్న రెండు బేకరీలే దేశం మొత్తానికి చేసి పంపుతాయి.

ఆ రెండు బేకరీలతో ఒక తిరకాసు ఉంది. మీ కౌన్సిల్, అంటే మీ ప్రాంతపు గర్ల్ స్కౌట్స్ శాఖ, ఏ బేకరీతో ఒప్పందం చేసుకుంటే ఆ కుకీలే మీకు వస్తాయి, పేర్లు కూడా మారతాయి. ఒక చోట సమోవాస్ అనేది ఇంకో చోట కారమెల్ డిలైట్స్. థిన్ మింట్స్ మాత్రం ఎక్కడైనా థిన్ మింట్సే. మనవాళ్లు ముందు అడిగేది 'గుడ్డు ఉందా?' అని. థిన్ మింట్స్‌లో గుడ్డూ లేదు, పాలూ లేవు. మిగతావాటికి బాక్సు మీద చదివి చెప్పడం పాపకి నేర్పు. వేరుశనగ ఎలర్జీ ఉన్నవాళ్లు అడిగినప్పుడు ఊహించి జవాబు చెప్పకూడదని కూడా.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు చాలా చోట్ల బాక్సు 6 డాలర్లో 7 డాలర్లో ఉంది. అందులో బేకరీ ఖర్చు పోను మిగిలింది స్థానిక కౌన్సిల్‌కీ ట్రూప్‌కీ వెళ్తుంది. ట్రూప్‌కి దక్కేది బాక్సుకి ఒక డాలరుకి అటూఇటూ అనుకో, ఊరిని బట్టి మారుతుంది. అది ట్రూప్ మొత్తానిదే, 'మా పాప ఎక్కువ అమ్మింది, క్యాంపు ఫీజులో తగ్గించండి' అంటే కుదరదు. పాపకి విడిగా వచ్చేవి బ్యాడ్జీలు, బొమ్మల్లాంటి బహుమతులు. దేనికి ఖర్చు పెట్టాలో పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటారు, నువ్వు మధ్యలో దూరకు.

ఆర్డరు రాసేటప్పుడు మాత్రం నువ్వు జాగ్రత్తగా ఉండాలి. కేసుకి, అంటే ఒక పెద్ద అట్టపెట్టెకి, 12 బాక్సులు. సంతకం పెట్టి తీసుకున్నాక వాటి డబ్బు నీ బాధ్యత, సాధారణంగా వెనక్కి తీసుకోరు. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ ఎక్కువ తీసుకుని, ఏప్రిల్‌లో గరాజ్ నిండా అట్టపెట్టెలు పెట్టుకుని దిగులుపడే తల్లిదండ్రుల్ని ప్రతి ఏడూ చూశాను. తక్కువ తీసుకో. అయిపోతే ట్రూప్‌లో కుకీల లెక్కలు చూసే కుకీ మేనేజర్‌ని అడిగితే చాలావరకు మళ్లీ దొరుకుతాయి.

పాప ఆర్డర్లు తీసుకునే ఆన్‌లైన్ పేజీ మీ పర్యవేక్షణలోనే ఉండాలి. పాప ఇంటిపేరు, స్కూలు వివరాలు అందులో పెట్టకండి. వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాలకి పార్సిల్ పంపే వీలుంది కానీ షిప్పింగ్ ఛార్జీ గట్టిగానే పడుతుంది, ఆ మాట ముందే చెప్పండి.

అసలు సరదా అంతా సూపర్ మార్కెట్ ముందు పెట్టే బూత్‌లోనే. చోటూ టైమూ ట్రూప్ వాళ్లే చూస్తారు. ఫిబ్రవరి చలిలో నిలబడాలి కాబట్టి వేళ్లు బయటికి ఉండే గ్లౌజులు కొను, లేకపోతే పాప చిల్లర లెక్కపెట్టలేదు. ఒక్క డాలర్ నోట్లు, అయిదు డాలర్ల నోట్లు దండిగా పెట్టుకో. బాక్సు 6 డాలర్లయితే రెండు కొని 20 నోటు ఇచ్చిన ఆయనకి ఒక అయిదు, మూడు ఒకట్లు తిరిగివ్వాలి. పాప వేళ్ల మీద లెక్కేసుకుంటుంది, ఆయన ఓపిగ్గా నిలబడతాడు, నీకే ఆగదు. నోరు మూసుకుని ఉండు. 'వద్దు' అని వెళ్లిపోయేవాళ్లకీ 'థాంక్యూ' చెప్పాలని ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లు. స్వీట్లు మానేశామనేవాళ్లుంటారు, సైనికులకి పంపడానికి ఒక డొనేషన్ బాక్సు కొంటారా అని వాళ్లని అడగమను. చాలా కౌన్సిళ్లలో అది ఉంటుంది.

మీ ఆయనకి చెప్పు, ఆఫీసువాళ్లకి అమ్మాలంటే పాప మాట్లాడిన చిన్న వీడియో పంపమని. అడిగేది పాపే అయితే నాకే అభ్యంతరం లేదు.

మాకెన్ని బాక్సులు కావాలని నన్నడిగావు. నీకు చెప్పను. పాపనే ఫోన్ చేసి అడగమను. మీ బాబాయి తీస్తాడు, రేటెందుకు పెరిగిందని బేరమాడతాడు కూడా, సిద్ధంగా ఉండమను.

ఆశీస్సులతో,
పిన్ని