ఇన్నూ, ఇంగ్లిష్ మిశ్రమ వారసత్వం: ఆ కళలో ఏది ఎవరిదని విడదీయవచ్చా?

ఇన్నూ తల్లికీ ఇంగ్లిష్ సంతతి తండ్రికీ పుట్టిన కళాకారిణి ఛాయాచిత్రాలు, పూసల పని, బొమ్మలు కలిపి చేసే ప్రదర్శనలో ఏ వాటా ఎవరిదో ఎలా గుర్తించాలని ఒకరు నన్ను అడిగారు. కెనడాలోని సెయింట్ జాన్స్‌లో చదువుకునే రోజుల్లో నేనూ అదే ప్రశ్న పట్టుకుని అలాంటి ప్రదర్శనలకు వెళ్లేవాడిని. అది తప్పు ప్రశ్న అని నాకు తెలిసింది ఒక టీ బొమ్మ వల్ల.

ఇన్నూలు తూర్పు కెనడాలోని క్యూబెక్, లాబ్రడార్ ప్రాంతాల ఆదివాసులు. కారిబూ (ఉత్తర అమెరికాలో తిరిగే రెయిన్‌డీర్) వేట కోసం కుటుంబాలన్నీ అడవి లోపలికి తరలివెళ్లేటప్పుడు పిల్లల బొమ్మల్లో కూడా టీ ఆకు కూరి కుట్టేవారు. పెద్దల దగ్గర టీ నిండుకుంటే కుట్టు విప్పి ఆకు తీసుకుని, ఆ ఖాళీలో గడ్డి నింపి బొమ్మను మళ్లీ పిల్ల చేతికిచ్చేవారు. ఒక కార్యశాలలో ఆ బొమ్మను నొక్కి చూస్తే లోపల ఆకు గరగరలాడింది, దగ్గరకు తెచ్చుకుంటే అచ్చంగా మా ఇంటి టీ డబ్బా వాసన వచ్చింది. ఆ టీ ఐరోపా వర్తకుల కొట్ల నుంచి వచ్చిన సరుకే కదా! మరి ఆ బొమ్మలో ఇంగ్లిష్ వాటా ఎంతని లెక్కగట్టాలి?

పాత కారిబూ తోలు కోట్ల సంగతీ అంతే. వేట బాగా సాగేలా కారిబూను మెప్పించడానికి ఇన్నూ స్త్రీలు వాటి మీద రంగులతో నమూనాలు వేసేవారు. కోటు కత్తిరింపు మాత్రం ఆయా కాలాల ఐరోపా ఫ్యాషన్లను అనుసరించిందని వస్త్ర పరిశోధకురాలు డొరొతీ బర్న్‌హామ్ చూపించారు.

నిజానికి ‘ఎంత వాటా’ అన్నది మొదట ప్రభుత్వ కార్యాలయాలు వేసిన ప్రశ్న. కెనడాలో ఆదివాసుల హోదాను నిర్ణయించే ‘ఇండియన్ చట్టం’ ప్రకారం నమోదైన స్త్రీ ఆ గుర్తింపు లేని పురుషుణ్ణి పెళ్లాడితే 1985 వరకు తన హోదా కోల్పోయేది. లాబ్రడార్ ఇన్నూలకైతే ఆ చట్టం కింద నమోదే 2002లో గాని జరగలేదు. ఇవేవీ తెలియక నేను ఒక కళాకారిణిని ‘మీరు సగం ఇన్నూనా?’ అని అడిగాను. ఆవిడ మర్యాదగానే మాట మార్చారు, నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఇన్నూ భాషలోనూ మనకున్నట్టే ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వారు తమ ప్రాంతాన్ని పిలుచుకునే ‘నితస్సినన్’ అన్న మాటకు అర్థం ‘మా నేల’. వినేవారిని కలుపుకుని ‘మన నేల’ అనడానికి వారికి వేరే మాట ఉంది. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు. కాబట్టి ఈసారి ప్రదర్శనలో ఇంగ్లిష్ వివరణ పలక మీద ‘వి’ (we) అని కనబడినప్పుడల్లా ఒకసారి ‘మేము’ అనీ, మరోసారి ‘మనం’ అనీ చదివి, ఆ తరువాత బొమ్మ వైపు చూడండి.