ఇంటినిండా మనుషులే, అయినా ఒంటరినే

ప్రశ్న: నా వయసు 38. భర్త మంచివారే. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. ఆఫీసులోనూ అందరితో మాట్లాడతాను. అయినా నాకంటూ ఎవరూ లేరనిపిస్తోంది. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఎవరు ఏ చిన్న మాటన్నా గుచ్చుకుంటోంది. కాలేజీ స్నేహితురాలికి మెసేజ్ టైప్ చేస్తాను, తను బిజీగా ఉంటుందేమోనని చెరిపేస్తాను. అన్నీ ఉండి కూడా ఇలా బాధపడుతున్నానంటే నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపమేమీ లేదండి. ‘అన్నీ ఉండి కూడా’ అన్నారే, అసలు బాధ కంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువ నలిపేస్తున్నట్టుంది. ఒక్కరే ఉంటూ హాయిగా బతికేవాళ్లు ఎంతోమంది. నలుగురి మధ్య ఉండి లోలోపల కుమిలిపోయేవాళ్లూ అంతేమంది. రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒంటరితనాన్ని రెండు రకాలుగా చెప్పారు. కలవడానికి నలుగురు లేకపోవడం ఒకటి, మనసు విప్పడానికి ఒక్కరు లేకపోవడం రెండోది. మీది రెండోదే అనుకుంటాను. హోంవర్క్ అయిందా, మందులు వేసుకున్నారా, కరెంటు బిల్లు కట్టారా అంటూ మీరు రోజంతా మాట్లాడుతూనే ఉంటారు. అందులో మీ గురించిన మాటలెన్ని?

చికాగో విశ్వవిద్యాలయంలో దీనిపై ఏళ్ల తరబడి పరిశోధించిన జాన్ కాసియోపో ఒంటరితనాన్ని ఆకలి, దాహంతో పోల్చేవారు. మనుషులు కావాలని శరీరం చేసే హెచ్చరిక అది. కాకపోతే ఒక చిక్కుంది. ఆకలేసినవాడు అన్నం దగ్గరికి వెళ్తాడు. ఒంటరితనంలో ఉన్నవాళ్లు మనుషులకు ఇంకా దూరం జరుగుతారు. నా వెనకాల ఎవరూ లేరనిపించగానే మెదడు కాపలా కాయడం మొదలుపెడుతుంది. అందుకే నిద్ర తెగిపోతుంది, మామూలు మాటలో కూడా ఎత్తిపొడుపు వినిపిస్తుంది. టైప్ చేసిన మెసేజ్‌ని చెరిపేయించేదీ ఆ కాపలావాడే. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే.

ఇంత చిన్న విషయానికా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. ఏళ్ల తరబడి సాగితే గుండె జబ్బు, పక్షవాతం, డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది.

కొత్త పరిచయాలు పెంచుకోండి, ఏదైనా క్లబ్‌లో చేరండి అని చాలామంది సలహా ఇస్తారు. మీకు ఇప్పుడు కావలసింది అది కాదని నా అభిప్రాయం. ఒంటరితనం తగ్గించే పద్ధతులను పోల్చి చూసిన 2011 నాటి ఒక విశ్లేషణలో, ‘నేనెవరికీ అక్కర్లేదు’ లాంటి ఆలోచనను సరిచేసేవే ఎక్కువ పనిచేశాయని తేలింది. మీ స్నేహితురాలే ఇన్నేళ్లకు మీకు మెసేజ్ పెట్టిందనుకోండి, విసుక్కుంటారా? మరి తను విసుక్కుంటుందని ఎలా అనుకున్నారు?

మీవారి సంగతి. ‘మంచివారే’ అని రాసి వదిలేశారు. ఆ ‘ఏ’లో చాలానే ఉంది. బహుశా ఆయనకు ఇదేమీ తెలియకపోవచ్చు. పిల్లలు పడుకున్నాక ‘సలహా ఏమీ చెప్పొద్దు, పది నిమిషాలు వినండి చాలు’ అని అడగండి. సలహా వద్దని ముందే చెప్పడం అవసరం, లేకపోతే రెండో నిమిషంలోనే మొదలుపెట్టేస్తారు!

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించమని అడగండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆగకండి, ఆ రోజే ఇంట్లో చెప్పి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇక ఆ మెసేజ్. ఉత్త ‘ఎలా ఉన్నావ్’ అయితే జవాబు కూడా ‘బాగున్నా’ దగ్గరే ఆగిపోతుంది. మీ ఇద్దరికే తెలిసిన పాత సంగతి ఒకటి గుర్తుచేసి, ‘ఆదివారం పదకొండింటికి ఫోన్ చేయనా?’ అని అడగండి. రెండు రోజులు జవాబు రాకపోతే తనకు పనుందనే అర్థం. పగటిపూట పంపండి. రాత్రి మూడింటికి రాస్తే పంపేలోపు మళ్లీ చెరిపేస్తారు.