మంద్రస్థాయిలో మనవాళ్లు: బేస్ గిటార్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాదు, సికింద్రాబాదుల్లో లావుపాటి తీగలతో మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ వాయిస్తున్నవారి నుంచి, వాయించాలనుకుంటున్నవారి నుంచి వచ్చాయి. ఏ వాద్యం కొనాలని అడిగినవారి ఉత్తరాల్లో కూడా, దీన్ని పట్టుకున్నాక సంగీతంలో తమ స్థానం ఏమిటన్న సందేహం ఏదో ఒక వాక్యంలో కనిపించింది. అందువల్ల ఈసారి శీర్షికంతా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా కాలేజీ బ్యాండులో నేను లీడ్ గిటార్ వాయించేవాణ్ణి. నాకంటే బాగా వాయించే అబ్బాయి చేరాక, బేస్‌కు ఎవరూ లేరని నన్ను దానికి మార్చారు. నన్ను వెనక్కి నెట్టేశారని స్నేహితులు అంటున్నారు. మా పాట ఫోనులో వినిపిస్తే మా అమ్మ "ఇందులో నువ్వెక్కడున్నావురా?" అని అడిగింది. మళ్లీ గిటార్‌కే వెళ్లిపోవాలా? (ఒక విద్యార్థి, కూకట్‌పల్లి)

జవాబు: ముందు మీ అమ్మగారి ప్రశ్న చూద్దాం, ఎందుకంటే ఆమె ఉన్నదే అడిగారు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావుపాటి ‘ఈ’ (E) తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అన్నిటికంటే సన్నటి జీ తీగను ఊరికే మీటినా ఆ సంఖ్య 98 దగ్గరే ఉంటుంది. ఫోనులో ఉండే వేలిగోరంత స్పీకరు అంత కింది ధ్వనిని పలికించలేదు. అదే రికార్డింగును మంచి హెడ్‌ఫోన్లలో ఆమెకు వినిపించండి. ఆ తర్వాత మీ భాగాన్ని తీసేసి మరోసారి వినిపించండి. సంగీతం నేర్చుకోనివారు కూడా రెండోసారి పాటలో ఏదో లోటు ఉందని వెంటనే గుర్తుపడతారు.

ఇక స్నేహితుల మాట. కీబోర్డు వాయించే అతను సీ, ఈ, జీ స్వరాలను కలిపి పట్టుకుని ఉన్నాడనుకుందాం. మీరు కింద సీ వాయిస్తే అది సీ మేజర్‌గా, స్థిరంగా, వెలుగుతో వినిపిస్తుంది. అతను వేలు కూడా కదపకుండా అలాగే ఉండగా మీరు ‘ఏ’ (A) స్వరానికి దిగితే, అదే కూర్పు ‘ఏ’ మైనర్ సెవెంత్‌గా మారి పాటలోకి ఒక దిగులు వచ్చి చేరుతుంది. పై స్వరాల అర్థాన్ని కింది స్వరం నిర్ణయిస్తుంది, ఆ కింది స్వరం మీ చేతిలో ఉంది. ఇంతటి అధికారం ఉన్న స్థానాన్ని వెనకబడిన స్థానమని నేను ఒప్పుకోలేను.

గిటార్ నుంచి ఇటు వచ్చినవారిలో మీరు మొదటివారు కూడా కారు. పాల్ మెకార్ట్‌నీ 1961లో తమ బీటిల్స్ బృందం నుంచి బేస్ వాయించే స్నేహితుడు తప్పుకోవడంతో ఆ బాధ్యత తీసుకున్నారు. అంతకుముందు ఆయన గిటార్, పియానో వాయించేవారు. అమెరికాలో కేరోల్ కే అప్పటికే పేరున్న గిటార్ వాద్యకారిణి. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించవలసిన వ్యక్తి రాకపోవడంతో ఆమె ఆ వాద్యం అందుకున్నారు, తర్వాత అదే ఆమె ప్రధాన వాద్యమైంది. ఇద్దరూ అవసరం కొద్దీ వచ్చి, ఇష్టంతో నిలిచారు. వచ్చిన కారణం కంటే నిలిచిన కారణమే వారిని బేస్ వాద్యకారులను చేసిందని నా నమ్మకం.

మీరు ఒక పని చేయండి. కొన్నాళ్లపాటు మిగతా అందరినీ పక్కనపెట్టి, డ్రమ్స్ వాయించే అబ్బాయితో మాత్రమే సాధన చేయండి. అతని కుడికాలు కిక్ డ్రమ్ము మీద పడే క్షణాన మీ స్వరం మొదలవుతున్నదో లేదో చూసుకోండి. అంతకంటే ముఖ్యంగా, ఆ స్వరాన్ని ఎక్కడ ఆపుతున్నారో గమనించండి. గిటార్ నుంచి వచ్చినవారు స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలో ఆలోచిస్తారు కానీ ఎప్పుడు ఆపాలో ఆలోచించరు. ఎడమచేతి వేలిని కాస్త వదులు చేసి స్వరాన్ని సమయానికి ఆపగలిగిన రోజున మీ బ్యాండు నడకే మారుతుంది. ఆ మార్పును విన్న తర్వాత కూడా మీ మనసు గిటార్ వైపే లాగుతుంటే నిస్సంకోచంగా వెళ్లండి. అప్పుడు అది మీ ఇష్టంతో తీసుకున్న నిర్ణయం అవుతుంది.

ప్రశ్న: నేను చర్చిలో పాటల బృందంతో పాడతాను. బేస్ నేర్చుకోవాలని దుకాణానికి వెళితే, "మీ చేతులకు ఇది ఆనదమ్మా, యుకులేలే తీసుకోండి" అన్నారు. నా వేళ్లు పొట్టివన్నది నిజమే. నాకు సరిపడే బేస్ ఉంటుందా? (ఒక ఉపాధ్యాయిని, సికింద్రాబాదు)

జవాబు: ఉంటుందమ్మా, తప్పకుండా ఉంటుంది. సాధారణ బేస్‌లో తీగ పలికే పొడవు 34 అంగుళాలు; లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ నుంచి ఆ కొలతే ప్రమాణంగా నడుస్తోంది. ఆ లెక్కన మొదటి మెట్టు (ఫ్రెట్) వెడల్పు దాదాపు 1.9 అంగుళాలు వస్తుంది. షార్ట్ స్కేల్ అనే రకంలో తీగ పొడవు 30 అంగుళాలు, మొదటి మెట్టు సుమారు 1.7 అంగుళాలు. చూడడానికి చిన్న తేడాయే అయినా, గంటసేపు ఆరాధనలో వాయించవలసిన చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది. మెకార్ట్‌నీ వాయించిన వయోలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్ కూడా ఈ పొట్టి కొలతదే, కాబట్టి దీన్ని పిల్లల వాద్యమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. షార్ట్ స్కేల్‌లో ‘ఈ’ (E) తీగ కొద్దిగా వదులుగా, గుండ్రంగా పలుకుతుంది. చర్చి పాటలకు ఆ నాదం చక్కగా అమరుతుంది.

పొడవాటి బేసే ఎవరైనా తక్కువ ధరకు ఇస్తే అదీ వాయించగలరు. నాలుగు వేళ్లను నాలుగు మెట్లపై చాచి ఉంచాలన్న నియమం ఏదీ లేదు. నిలువెత్తు డబుల్ బేస్ వాయించేవారు చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలితో మూడు మెట్ల దూరాన్నే పట్టుకుంటారు. ఉంగరపు వేలు చిటికెనవేలికి తోడుగా ఉంటుంది. మీరూ ఆ పద్ధతిలోనే మొదలుపెట్టండి. వెడల్పాటి పట్టీ కొనండి, ఎందుకంటే సాలిడ్ బాడీ (లోపల బోలు లేని గట్టి చెక్క) బేస్‌లు చాలావరకు నాలుగు కిలోల చుట్టుపక్కల బరువుంటాయి. పాత వాద్యమైతే డబ్బు ఇచ్చే ముందు ప్రతి తీగపై ప్రతి మెట్టునూ వాయించి ఎక్కడా జరజరమనడం లేదని, గుండీలు తిప్పితే గరగర రావడం లేదని, మెడ విల్లులా వంగిపోలేదని చూసుకోండి.

దుకాణంలో విన్న మాట గురించి. కేరోల్ కే పేరు పైన చెప్పాను. నేడు మన దేశం నుంచి ప్రపంచమంతా గుర్తుపట్టే బేస్ వాద్యకారుల్లో ముంబయికి చెందిన మోహినీ డే ఒకరు. ఆమె బేస్ వాయించే తన తండ్రి దగ్గరే చిన్నతనంలో నేర్చుకున్నారు. ఈ వాద్యం ఎవరిదన్న చర్చను ఆమె చేతులు ఎప్పుడో ముగించాయి. మరో దుకాణానికి వెళ్లండి. వాద్యాన్ని కూర్చుని, నిలబడి వాయించి చూడనివ్వని చోట కొనకండి.

ప్రశ్న: నాలుగు తీగలా, ఐదు తీగలా? (ఉప్పల్)

జవాబు: నేర్చుకోవడానికి నాలుగు. ఐదో తీగ బీ సెకనుకు సుమారు 31 సార్లు కంపిస్తుంది. దాన్ని శుభ్రంగా పలికించే స్పీకరు ఇంట్లో ఉండడం అరుదు, వాయించనప్పుడు ఆ తీగను మూగగా ఉంచడం మరో విద్య. కిందిశ్రుతి పాటలకు తరచూ వాయించవలసి వచ్చినప్పుడు మారండి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్నాను. ఇటీవల మెట్లు లేని బేస్ విని, అది నన్ను వదలడం లేదు. దానిపై రాగం పలుకుతుందా? మా గురువుగారికి చెప్పడానికి సంకోచంగా ఉంది. ఇన్నేళ్ల శిక్షణకు ద్రోహం చేస్తున్నానేమో అనిపిస్తోంది. (ఒక పాఠకురాలు, చిక్కడపల్లి)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. ఇవాళ కర్ణాటక కచేరీలో వయోలిన్ లేకపోతే వెలితిగా అనిపిస్తుంది. ఆ వాద్యాన్ని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా సంగీతం నుంచి తెచ్చుకున్నారు, తర్వాతి కాలంలో ద్వారం వేంకటస్వామి నాయుడు గారు దాన్ని తెలుగువారి ఇంటి వాద్యంగా చేశారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై రాగాలాపన చేసినప్పుడు పెద్ద పెద్ద విద్వాంసులు తలలూపారు. వీరెవరూ తమ శిక్షణను వదులుకోలేదు. దాన్నే కొత్త వాద్యంలోకి తీసుకెళ్లారు. మీరు మీ గురువుగారికి చెప్పండి, వీలైతే వాద్యాన్ని కూడా తీసుకెళ్లి చూపించండి.

ఇక రాగం పలుకుతుందా అంటే, పలుకుతుంది, కానీ వీణలో పలికినట్టు పలకదు. వీణపై మీరు తీగను మెట్టు మీద పక్కకు లాగి గమకం తెస్తారు. బేస్ తీగ లావు, బరువు కలది కనుక అలా లాగితే చేతికి నొప్పి తప్ప పెద్దగా ఫలితం ఉండదు. దానికి బదులు మెట్లు లేని పలక మీద వేలిని జార్చాలి. అంటే మీ గమకాలన్నీ జారుల నుంచి పుట్టాలి. వేలిని సరిగ్గా మెట్టు ఉండవలసిన గీత మీదే ఉంచాలి, వీణలోలాగా మెట్టుకు వెనక కాదు. మొదట్లో వీణవారికి శ్రుతి తగ్గిపోవడానికి ఇదే కారణం. కిందితీగపై కంపితం (స్వరాన్ని ఊగించడం) అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది కాబట్టి, గమకాలను పై రెండు తీగలకు కేటాయించి కింద దీర్ఘ స్వరాలు ఉంచండి. ‘ఈ’ (E) తీగను డీ దాకా దించి, డీని షడ్జమం చేసుకుంటే, పైనుంచి కిందికి డీ, ఏ, డీ అన్నవి వీణ తీగల్లో మీకు అలవాటైన సారణి, పంచమం, మంద్రం వరసలో వస్తాయి. జీ తీగ మధ్యమంగా మిగులుతుంది. దాన్ని ‘ఏ’ (A) దాకా బిగించకండి, మెడ మీద భారం పడుతుంది.

అయితే అసలు కష్టం చేతిలో లేదు, చెవిలో ఉంది. బేస్ పట్టుకోగానే పక్కవారు కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాల కూర్పులు) వేయమంటారు. మోహనం తీసుకోండి: స, రి, గ, ప, ద. పాశ్చాత్య పద్ధతిలో దీనికి తోడు కట్టేవారు అలవాటుగా నాలుగో కార్డుకు వెళతారు, అంటే కింద మధ్యమం మోగుతుంది. ఐదో కార్డుకు వెళతారు, అందులో నిషాదం ఉంటుంది. రెండూ మోహనంలో లేని స్వరాలు. సినిమా పాటలో అది ఒక రుచి, నాకూ ఇష్టమే. కానీ మీరు రాగం పలికించదలచుకుంటే, ఏ స్వరం వాయించకూడదో మీకు మీ వీణ నేర్పే ఉంది, గిటార్ నుంచి వచ్చినవారికి లేని ఆ జ్ఞానాన్ని బ్యాండువారి ఒత్తిడికి లొంగి వదలకండి. షడ్జ పంచమాలను ఆనుకుని, పాడేవారి వాక్యం ముగిసే చోట మాత్రమే కదిలే బేస్‌ను ఈ నగరంలో నేను చాలా తక్కువగా విన్నాను. మీ నుంచి వినాలని ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మానేసి పూర్తిగా బేస్ వాయిస్తానంటున్నాడు. దీనితో బతకగలడా? (ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: కేవలం బేస్ వాయించి ఈ నగరంలో ఇల్లు నడపడం కష్టమండీ, ఆ మాట దాచడం మీకు, అబ్బాయికి మేలు చేయదు. ఒకప్పుడు మద్రాసులో పాట రికార్డింగు అంటే బేస్ వాద్యకారుడు మిగతా వాద్యబృందంతో కలిసి స్టూడియోలో కూర్చోవలసిందే. ఇప్పుడు చాలా పాటల్లో బేస్‌ను కీబోర్డుతోనే పూర్తిచేస్తున్నారు. పెళ్లి సంగీత్‌లు, హోటళ్లలో కార్యక్రమాలు, క్రైస్తవ భక్తిగీతాల రికార్డింగులు, పాఠాలు చెప్పడం, ఇవన్నీ కలిపితేనే ఆదాయం నిలబడుతుంది. అబ్బాయిని ఉద్యోగం వదలకముందే స్వరలిపి చదవడం నేర్చుకోమనండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి రాక్ అండ్ పాప్ పరీక్షల్లో బేస్‌కు ప్రత్యేకంగా గ్రేడ్లు ఉన్నాయి, పాఠాలు చెప్పదలిస్తే అవి పనికొస్తాయి.

మరొక్క మాట కూడా చెప్పాలి. డెట్రాయిట్‌లో 1960లలో ఎన్నో ప్రసిద్ధ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు చాలాకాలం ఆ రికార్డుల అట్టల మీద లేదు. నేడు ఈ వాద్యం నేర్చుకునేవారంతా ఆయన చూపుడువేలు ఒక్కదానితో మీటిన వరసలనే సాధన చేస్తారు. పేరు రాకపోయినా పని చేయగల స్వభావం మీ అబ్బాయికి ఉందో లేదో మీకంటే బాగా తెలిసినవారు లేరు. అది ఉంటే, ఉద్యోగం చేస్తూనే రెండేళ్లు వాయించి చూడమని అడగండి. ఆ మాట అబ్బాయి కాదనకపోవచ్చు.

ప్రశ్న: అపార్టుమెంటులో సాధన చేస్తుంటే పక్క ఫ్లాటువారు మాత్రమే కాదు, రెండంతస్తుల కిందివారు కూడా వస్తున్నారు. శబ్దం తగ్గించినా ఎందుకిలా? (మియాపూర్)

జవాబు: బేస్ ‘ఈ’ (E) తీగ నుంచి వచ్చే ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైనే, అంటే దాదాపు 27 అడుగులు. అంత పొడవైన తరంగానికి గోడ పెద్ద అడ్డు కాదు. తలుపులు మూసినా, తెరలు వేసినా ఆగదు. దానికితోడు యాంప్లిఫయరు నేలమీద ఉంటే శ్లాబు కూడా కంపిస్తుంది. రాత్రిపూట హెడ్‌ఫోన్ యాంప్ వాడండి. పగలు యాంప్లిఫయరును మందపాటి నురుగు పలక మీద ఎత్తిపెట్టి, గది మూల నుంచి దూరంగా జరపండి, ఎందుకంటే మూలలో కింది ధ్వనులు మరింత పెరుగుతాయి. కిందివారితో ఒక సమయం మాట్లాడుకుని ఆ వేళలోనే వాయించండి.